పిల్లల ఫుట్‌బాల్ ట్రయల్స్: పీణ్య తెలుగు కుటుంబాల సన్నాహం

క్లబ్బులోకో, అకాడమీలోకో, క్రీడా వసతి గృహంలోకో, బడి జట్టులోకో తీసుకునే ముందు పిల్లల ఆట చూసి ఎంచుకునే పరీక్షను ఫుట్‌బాల్ లోకంలో ట్రయల్స్ అంటారు. బెంగళూరులో ఈ మాటే ఎక్కువగా వినిపిస్తుంది. తెలుగు జిల్లాల్లో సెలెక్షన్స్ అన్నా ఇదే అర్థం. మైదానంలో ఒక్కొక్కరికి బంతితో దక్కే సమయం చాలాసార్లు అరగంటకు మించదు. అంతకుముందు ఇంట్లో, వీధిలో గడిచిన నెలలే ఆ అరగంటను నడిపిస్తాయి. అందుకే ఈ వ్యాసం పరీక్ష రోజు కన్నా ఆ నెలల గురించి ఎక్కువ చెబుతుంది. చెప్పుకునే చోటు బెంగళూరుకు వాయవ్యాన, తుమకూరు రోడ్డు మీద ఉన్న పీణ్య.

పీణ్యలో చోటు, సమయం

1970లలో రూపుదిద్దుకున్న పీణ్య పారిశ్రామికవాడకు ఆసియాలోని పెద్ద వాడల్లో ఒకటిగా పేరుంది. మెషిన్ షాపులు, పౌడర్ కోటింగ్ యూనిట్లు, గార్మెంట్స్ ఫ్యాక్టరీలు, గోదాములు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగుతుంటే దేశమంతా టీవీలో చూసిన ఇస్రో నియంత్రణ కేంద్రం కూడా ఇక్కడిదే. ఈ వాడలో పనికి అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు లగ్గెరె, హెగ్గనహళ్ళి, దాసరహళ్ళి వీధుల్లో స్థిరపడ్డాయి. వాళ్ల పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఆటలో తమిళం, హిందీ కలిపి మాట్లాడతారు. మైదానంలో ఈ కలగలుపు భాష పెద్ద ఆస్తి. ‘బాల్ ఇవ్వు’ అని నాలుగు భాషల్లో అరవగలిగిన పిల్లాడు కొత్త జట్టులో పది నిమిషాల్లో కలిసిపోతాడు.

ఇక్కడి పిల్లలకు కరువైంది చోటు. ఖాళీ జాగా కనిపిస్తే అందులో లారీ నిలుస్తుంది. లారీ లేకపోతే క్రికెట్ స్టంపులు ఉంటాయి. 1950లలో వెలసిన హెచ్‌ఎంటీ, బీఈఎల్ సంస్థల వల్ల జాలహళ్ళి వైపు కొంత బయలు మిగిలింది. అక్కడ ఏ మైదానంలోకి ఎవరిని ఏ వేళ రానిస్తారో ముందే కనుక్కుని వెళ్లాలి. గంట లెక్కన అద్దెకిచ్చే కృత్రిమ గడ్డి టర్ఫ్‌లు నగరమంతటా వచ్చాయి. ఒక్క కుటుంబానికి ఆ అద్దె భారం. పదిమంది పిల్లలు పంచుకుంటే వారానికో గంట అందుబాటులోకి వస్తుంది.

చోటు తర్వాత సమయం. తండ్రికి షిఫ్టులు మారుతుంటాయి, తల్లి గార్మెంట్స్‌కు పొద్దున్నే వెళ్తుంది. నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన మనిషి ఆరింటికి పిల్లాణ్ణి సాధనకు తీసుకెళ్లడం ఒకరోజు సాధ్యం, నెలంతా కాదు. పీణ్యలాంటి చోట పనికొచ్చేది వంతుల పద్ధతి. ఒకే వీధిలో ఫుట్‌బాల్ ఆడే నలుగురు పిల్లలుంటే నాలుగు ఇళ్ల పెద్దలు వారాలు పంచుకోవాలి. అలా చేస్తే పిల్లలకు పాస్ ఇవ్వడానికి తోడు కూడా దొరుకుతుంది. ఫుట్‌బాల్‌ను ఒంటరిగా కొంతవరకే నేర్చుకోగలం.

2014 మార్చిలో సంపిగె రోడ్డు నుంచి పీణ్య ఇండస్ట్రీ దాకా మెట్రో మొదలయ్యాక నగరం నడిబొడ్డున ఉన్న మైదానాలు దగ్గరయ్యాయి. గ్రీన్ లైన్‌లో మెజెస్టిక్ చేరి పర్పుల్ లైన్‌లోకి మారితే కబ్బన్ పార్క్ స్టేషన్‌లో దిగి కంఠీరవ స్టేడియానికి నడిచిపోవచ్చు. అశోక్‌నగర్‌లోని బెంగళూరు ఫుట్‌బాల్ స్టేడియానికి వెళ్లాలంటే ఎంజీ రోడ్డు దాకా సాగాలి.

నగరపు ఫుట్‌బాల్ వారసత్వం

బెంగళూరును క్రికెట్ ఊరని అనుకునే తల్లిదండ్రులకు ఈ చరిత్ర తెలియాలి. బెంగళూరు ముస్లిమ్స్ జట్టు 1937లో, మళ్లీ 1938లో బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. అప్పటిదాకా బ్రిటిష్ సైనిక జట్ల చేతుల్లో ఉన్న కప్పు అది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద భారత్ కొట్టిన ఏకైక గోల్ బెంగళూరు ఆటగాడు సారంగపాణి రామన్‌ది. ఆ మ్యాచ్‌లో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడారు, 2-1తో ఓడారు. అల్సూరు పక్కన గౌతంపురలో ఇప్పటికీ పెలే విగ్రహం ఉంది. చిన్న చిన్న ఇళ్ల ఆ పేట దేశానికి ఎందరో ఆటగాళ్లను ఇచ్చింది. మైసూరు రాష్ట్రంగా నాలుగుసార్లు సంతోష్ ట్రోఫీ గెలిచిన కర్ణాటక, 1968-69 తర్వాత 54 ఏళ్లకు, 2023 మార్చిలో రియాద్‌లో మేఘాలయను 3-2తో ఓడించి మళ్లీ ఆ ట్రోఫీ అందుకుంది. 2013లో పుట్టిన బెంగళూరు ఎఫ్‌సీ తొలి సీజన్‌లోనే ఐ-లీగ్ గెలిచింది. ఆ జట్టు ముఖచిత్రంగా నిలిచిన సునీల్ ఛెత్రి పుట్టింది సికింద్రాబాద్‌లో.

తెలుగు నేల వారసత్వం హైదరాబాద్‌ది. 1951, 1962 ఏషియాడ్ స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన భారత జట్ల శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. వృత్తికి ఉపాధ్యాయుడు. ఆయన కుర్రాళ్లకు పెట్టిన పోటీల్లో ఒకదానిలో డ్రిబ్లింగ్ నిషిద్ధం, బంతిని తాకిన వెంటనే వదిలేయాలి. మరొకదానిలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. ఈ రెండు నియమాలను గుర్తుంచుకోవాలి, ఇంటి దగ్గర సాధన గురించి చెప్పేటప్పుడు మళ్లీ వాటి పని పడుతుంది.

సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంను రహీం ట్రయల్స్‌కు రమ్మంటే, అంత దూరం రోజూ రావడానికి డబ్బుల్లేవన్నాడట. సైకిలు అద్దె రహీమే ఇచ్చారని చెప్పుకుంటారు. ఆ కుర్రాడే 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు. మన పిల్లల విషయంలోనూ ట్రయల్స్‌కు మొదటి అడ్డంకి చాలాసార్లు దారి ఖర్చే. ఆటలో వెనుకబడటం ఆ తర్వాతి మాట.

ఎవరెవరు ఎంచుకుంటారు

ట్రయల్స్ అన్నీ ఒకలాంటివి కావు. ఏ తలుపు తడుతున్నామో తెలియకుండా సిద్ధం చేస్తే శ్రమ వృథా అవుతుంది.

మొదటి రకం నెలవారీ ఫీజు తీసుకునే కోచింగ్ కేంద్రాలు. వీటిలో చాలావరకు అందరినీ చేర్చుకుంటాయి, ట్రయల్ పిల్లాణ్ణి ఏ బ్యాచ్‌లో వేయాలో తేల్చుకోవడానికే. బెంగళూరు ఎఫ్‌సీ సాకర్ స్కూల్స్ లాంటివి ఈ కోవలోకి వస్తాయి. రెండో రకం క్లబ్బుల వయోవర్గ జట్లు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 13, 15, 17 ఏళ్ల లోపు పిల్లలకు లీగులు నడుపుతుంది, వాటి కోసం క్లబ్బులు నిజంగా వడగడతాయి. మూడోది పూర్తి వసతి అకాడమీలు. బళ్ళారి జిల్లా విజయనగర్‌లో బెంగళూరు ఎఫ్‌సీ రెసిడెన్షియల్ అకాడమీ, నవీ ముంబయిలో రిలయన్స్ ఫౌండేషన్ యంగ్ చాంప్స్, 1987 నుంచి నడుస్తున్న జంషెడ్‌పూర్ టాటా ఫుట్‌బాల్ అకాడమీ ఈ కోవలోవి. వీటిలో చోటు వేలమందిలో కొద్దిమందికే దొరుకుతుంది.

నాలుగోది ప్రభుత్వ దారి, తెలుగు కుటుంబాలు తక్కువగా వాడుకునేది. కర్ణాటక యువజన క్రీడా శాఖ వసతి నిలయాలకు ఏటా ఎంపికలు జరుపుతుంది. హైదరాబాద్ దగ్గర హకీంపేటలో తెలంగాణ క్రీడా పాఠశాల, కడపలో వైఎస్సార్ క్రీడా పాఠశాల ఉన్నాయి. స్థానికత నిబంధనలను దరఖాస్తుకు ముందే చదువుకోవాలి. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నడిపే క్రీడా అకాడమీలో ఫుట్‌బాల్ ముఖ్యమైన ఆట. పల్లె పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు ఆ మైదానాల మీదే పెద్దవాళ్లయ్యారు. పీణ్యలో ఉంటూ ఊళ్లో తాతా అవ్వల దగ్గర ఆసరా ఉన్న అనంతపురం కుటుంబానికి ఇది దగ్గరి దారి.

అన్నిటికన్నా చవకైనది బడి జట్టు. 1960లో మొదలైన సుబ్రతో కప్పు బడి జట్ల పోటీయే. బడిలో ఫుట్‌బాల్ జట్టు లేకపోతే నలుగురు తల్లిదండ్రులు కలిసి ప్రధానోపాధ్యాయుణ్ణి అడగాలి. రెండు బంతులు, ఆసక్తి ఉన్న ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు ఉంటే జట్టు తయారవుతుంది.

పదేళ్ల లోపు పిల్లలను వడగట్టి పంపేయడం తొందరపాటని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆ వయసులో ఎంపిక కన్నా ఎక్కువ మ్యాచ్‌లు ముఖ్యం. సమాఖ్య 2018లో ప్రారంభించిన గోల్డెన్ బేబీ లీగ్స్ ఉద్దేశమూ ఇదే: ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు చిన్న మైదానం, తక్కువమంది ఆటగాళ్లు, అందరికీ ఆట.

ఆ అరగంటలో ఏం చూస్తారు

క్రీడా పాఠశాలల్లో ముందు శరీరాన్ని కొలుస్తారు. హకీంపేట ఎంపికల్లో ఎత్తు, బరువుతో పాటు 30 మీటర్ల పరుగు, నిలబడి దూకే లాంగ్ జంప్, నిలువు దూకు, 10 మీటర్ల దూరాన్ని ఆరుసార్లు పరుగెత్తే షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు, శరీరం వంగే గుణం పరీక్షిస్తారు. వీటికి ఇంటి దగ్గర తయారవడం తేలిక. సుద్దముక్కతో గీత గీసి వారానికి మూడుసార్లు దూకించి, దూరం పుస్తకంలో రాస్తే చాలు. షటిల్ రన్‌లో పిల్లలు పోగొట్టుకునేది మలుపులో. గీత దగ్గర నిటారుగా నిలబడి తిరిగేవాడు వెనుకబడతాడు. మోకాలు వంచి, నడుము దించి, ఒక కాలిని అడ్డంగా నాటి తిరిగేవాడు ముందుకొస్తాడు. మలుపు ఒక్కటే విడిగా నేర్పితే రెండు వారాల్లో తేడా కనిపిస్తుంది.

క్లబ్బు ట్రయల్స్ పద్ధతి వేరు. వార్మప్ తర్వాత కోన్‌ల మధ్య డ్రిబ్లింగ్, జంటగా పాసింగ్, ఆపై చిన్న మైదానంలో అయిదుగురు అయిదుగురు చొప్పున మ్యాచ్. కోచ్ నోట్‌బుక్ తెరిచేది ఎక్కువగా ఈ మ్యాచ్‌లోనే. తల్లిదండ్రుల చూపు గోల్ మీద ఉంటుంది, కోచ్ చూపు బంతి రాకముందు పిల్లాడు ఏం చేస్తున్నాడన్న దాని మీద ఉంటుంది.

ఈ ఒక్క విషయాన్ని దగ్గరగా చూడాలి. బంతి వస్తోంది. ఒక పిల్లాడు పాస్ ఇచ్చినవాడికి పూర్తిగా ఎదురుగా నిలబడ్డాడు, కళ్లు బంతి మీదే. బంతి కాలికి తగిలి మీటరు దూరం ఎగిరింది, అందుకోడానికి వెళ్లేలోపు ఎదుటివాడు తన్నుకుపోయాడు. రెండో పిల్లాడు బంతి బయల్దేరకముందే భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూశాడు. సగం పక్కకు తిరిగి నిలబడ్డాడు. దూరంగా ఉన్న కాలి లోపలి వైపుతో బంతిని మెత్తగా తాకి, వెళ్లదలచిన దిక్కుకే దొర్లించాడు. తర్వాతి అడుగులో ఆటలో ఉన్నాడు. కోచ్‌లు ‘ఫస్ట్ టచ్’ అనేది దీన్నే. బంతి రాకముందు ఇలా చుట్టూ చూసే అలవాటు మీద నార్వే పరిశోధకుడు గైర్ యోర్డెట్ ఏళ్ల తరబడి పని చేశారు. తరచుగా చూసే ఆటగాళ్ల పాస్‌లు ఎక్కువగా సరైన చోటికి చేరతాయని ఆయన పరిశీలనల్లో తేలింది. దీనికి పొడవు అక్కర్లేదు, ఖరీదైన బూట్లు అక్కర్లేదు, నేర్పితే వస్తుంది.

బంతి పోగొట్టుకున్న వెంటనే పిల్లాడు ఏం చేస్తాడన్నదీ చూస్తారు. తల పట్టుకుని నిలబడతాడా, తిరిగి వెంటపడతాడా? తెలియని పిల్లాడికి పాస్ ఇస్తాడా, తన స్నేహితుడికే ఇస్తాడా? కోచ్ పిలిస్తే పరుగున వస్తాడా? ఇవన్నీ ఇంట్లో పెంపకం నుంచి వచ్చేవే.

ఇంటి దగ్గర సాధన

ఆదివారం మధ్యాహ్నం పీణ్యలో మూసిన షట్టర్లు దొరుకుతాయి. ఇనుప షట్టర్‌కు బంతి తగిలితే వీధంతా మోగుతుంది, వాచ్‌మన్ కోప్పడతాడు. సిమెంటు గోడ మేలు, యజమానిని ఒక మాట అడిగి ఆడాలి. గోడకు నాలుగడుగుల దూరంలో మొదలుపెట్టి కుడికాలి లోపలి వైపుతో యాభై పాస్‌లు, ఎడమకాలితో యాభై. తర్వాత రహీం నియమాలు. ఒక రోజు ఒక్క తాకుడుతోనే తిరిగి కొట్టాలి, మరో రోజు అలవాటు లేని కాలితోనే ఆడాలి. పక్కన తల్లో అన్నో నిలబడి, బంతి గోడకు తగిలే లోపు వేళ్లు చూపించాలి. పిల్లాడు వెనక్కి చూసి ఎన్ని వేళ్లో చెప్పి, ఆపై బంతి అందుకోవాలి. మొదటి వారం బంతి జారిపోతూనే ఉంటుంది. మూడో వారానికి మెడ దానంతటదే తిరుగుతుంది. రోజూ ఇరవై నిమిషాలు సరిపోతాయి.

బంతి కొలత తప్పితే కష్టమంతా తప్పుదారి పడుతుంది. ఎనిమిదేళ్ల లోపు 3వ నంబరు, ఎనిమిది నుంచి పన్నెండు దాకా 4వ నంబరు, పదమూడు దాటాక 5వ నంబరు వాడాలి. పెద్దల బంతి 410 నుంచి 450 గ్రాములు తూగుతుంది. దానితో తొమ్మిదేళ్ల పిల్లాడు ఆడితే కాలి వేళ్లతో పొడవడం అలవాటవుతుంది, మాన్పించడానికి ఏడాది పడుతుంది. హెడ్డింగ్ సాధన చిన్న పిల్లలకు వద్దు. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2015లోనే పదేళ్ల వాళ్ల దాకా హెడ్డింగ్ నిలిపేసింది, ఇంగ్లండ్ కూడా చిన్న వయోవర్గాల్లో దాన్ని తొలగిస్తూ వచ్చింది.

వార్మప్ విషయంలో సొంత ప్రయోగాలు అక్కర్లేదు. ఫిఫా 11+ కిడ్స్ పేరుతో పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు ఏడు వ్యాయామాలు రూపొందించారు. ఒంటికాలి మీద నిలబడటం, దూకి మెత్తగా దిగడం, ఎలా పడాలో నేర్చుకోవడం అందులో ఉన్నాయి. పావుగంట, ఇరవై నిమిషాల పని. క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు దాదాపు సగానికి తగ్గాయని ఐరోపా దేశాల పరీక్షల్లో తేలింది.

ట్రయల్స్ దగ్గరపడే కొద్దీ సాధన పెంచాలనిపిస్తుంది. అక్కడే గాయం కాచుకుని ఉంటుంది. వారంలో శిక్షణ, మ్యాచ్‌లు కలిపి ఆడే గంటలు పిల్లాడి వయసు సంఖ్యను దాటకూడదని క్రీడా వైద్యులు ఒక లెక్క చెబుతారు. పదేళ్ల పిల్లాడికి పది గంటలు గరిష్ఠం. ఎదిగే వయసులో మడమ వెనుక నొప్పి, మోకాలి చిప్ప కింద నొప్పి మామూలుగా వచ్చేవే. ఎముక పెరిగే చోట స్నాయువు లాగడం వల్ల అవి వస్తాయి. ‘అలవాటైతే పోతుందిలే’ అనకుండా ఆట తగ్గించి వైద్యుడికి చూపించాలి. ట్రయల్స్‌కు ముందు చివరి రెండు రోజులు తేలికగా ఉండాలి.

పీణ్య గాలి గురించి కూడా ఒక మాట. లారీల రద్దీ మొదలయ్యాక రోడ్డు పక్కన పరుగు తీయించొద్దు. పొద్దున్నే వెళ్లాలి, లేదా రోడ్డుకు దూరంగా లోపలి వీధులు ఎంచుకోవాలి. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఇన్‌హేలర్ సంచిలోనే ఉండాలి, విషయం కోచ్‌కు ముందే చెప్పాలి. పిల్లాణ్ణి తీసుకోరేమోనన్న భయంతో దాచే తల్లిదండ్రులున్నారు. దాచడమే ప్రమాదం.

బూట్లు, తిండి, నిద్ర

మనవాళ్లు స్టడ్స్ అని పిలిచే ఫుట్‌బాల్ బూట్లను ట్రయల్స్ కోసం కొత్తగా కొని అదే రోజు తొడిగించడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. రెండో పరుగుకే మడమ మీద పొక్కు లేస్తుంది. రెండు వారాల ముందు కొని రోజూ కాసేపు తొడిగించాలి. టర్ఫ్ మీద, గట్టి నేల మీద పొట్టి రబ్బరు మేకులున్నవి చాలు, పొడవాటి మేకులు మెత్తటి గడ్డి మైదానాలకే. ‘ఏడాది వస్తాయి’ అని రెండు సైజులు పెద్దవి కొంటే బంతి స్పర్శే పిల్లాడికి తెలియదు. బొటనవేలి ముందు వేలి వెడల్పు ఖాళీ ఉంటే సరి. పెద్దపిల్లాడికి చిన్నవైన జత పక్కింటి పిల్లాడికి ఇచ్చే ఆనవాయితీ ప్రతి జట్టులో ఉండాలి. షిన్ ప్యాడ్స్ తప్పనిసరి.

తిండికి డబ్బాల్లో అమ్మే పొడులు అక్కర్లేదు. రాగి సంగటి, పప్పు, గుడ్డు, పెరుగు, ఊరి నుంచి వచ్చే వేరుశనగలు చాలు. పరీక్ష ఏడింటికైతే అయిదింటికల్లా రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో తినిపించాలి. నూనె వస్తువులు, ఎన్నడూ తినని కొత్త వస్తువులు ఆ ఉదయం వద్దు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు, పదమూడు దాటినవాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. ఒక్క గది ఇంట్లో నాన్న సెకండ్ షిఫ్ట్ నుంచి రాత్రి పదిన్నరకు వచ్చి లైటు వేస్తే ఈ లెక్క కుదరదు. ఆ వారం వరకు పిల్లాణ్ణి పక్కింట్లోనో, మేనమామ ఇంట్లోనో పడుకోబెట్టిన తల్లి సరైన పనే చేసింది.

కాగితాలు, వయసు

ఆటలో నెగ్గి కాగితాల దగ్గర ఓడిపోయే పిల్లలున్నారు. తెలుగు కుటుంబాలకు కర్ణాటకలో ఇది ప్రత్యేకమైన చిక్కు. మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది. అనంతపురంలో పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం అవుతుంది, బెంగళూరు బడి రికార్డులో తండ్రి పేరు వెనక్కి చేరుతుంది. మూడు కాగితాల్లో ముగ్గురు పిల్లలు కనిపిస్తారు. ఆటగాళ్లను నమోదు చేసే సమాఖ్య కేంద్రీకృత వ్యవస్థలో ఒకసారి పేరు, పుట్టిన తేదీ ఎక్కితే అవే చాలా కాలం వెంట వస్తాయి. అందుకే ట్రయల్స్‌కు ఆరు నెలల ముందే కాగితాలన్నీ ఒకే పేరుకు సరిచేయించుకోవాలి. జనన ధ్రువపత్రం, ఆధార్, బడి ధ్రువపత్రం, పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఒకే కవర్‌లో ఉండాలి, ప్రతిదానికీ రెండు నకళ్లు తీయించాలి.

వయసు తగ్గించి చూపించొద్దు. ఎముకల వయసు తేల్చడానికి చేతి మణికట్టు ఎక్స్‌రేతో చేసే పరీక్ష ఉంది, పట్టుబడితే నిషేధం పడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం మరొకటుంది. తనకన్నా చిన్నవాళ్ల మీద ఒంటి బలంతో నెగ్గే పిల్లాడు ఆట నేర్చుకోడు.

ఇంకో సంగతి తల్లిదండ్రులకు ఊరటనిస్తుంది. వయోవర్గాల లెక్క జనవరి 1 నుంచి మొదలవుతుంది. జనవరిలో పుట్టినవాడు, డిసెంబరులో పుట్టినవాడు ఒకే జట్టుకు పోటీ పడతారు, మధ్యలో దాదాపు ఏడాది తేడా. ప్రపంచమంతటా యువ జట్లలో సంవత్సరం మొదట్లో పుట్టినవాళ్లే ఎక్కువగా కనిపిస్తారని పరిశోధకులు 1980ల నుంచి చూపిస్తున్నారు. మీ బిడ్డ నవంబరులో పుట్టి పన్నెండేళ్లకు పొట్టిగా కనిపించి ఎంపిక కాకపోతే, ఆ కాదన్న తీర్పులో కొంత భాగం క్యాలెండర్‌దే.

ఆడపిల్లలు

ఆడపిల్లల ట్రయల్స్‌కు సన్నాహం ఇదే. అదనంగా అడగాల్సిన ప్రశ్నలున్నాయి. మహిళా కోచ్ లేదా సహాయకురాలు ఉన్నారా, బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి ఉన్నాయా, తిరుగు ప్రయాణం ఎలా? ఈ ప్రశ్నలకు విసుక్కునే అకాడమీలో చేర్చకపోవడమే మంచిది. మగపిల్లల తల్లిదండ్రులూ పిల్లల రక్షణ నియమాల గురించి అడగాలి. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత జట్టులో ఆడుతోంది. బెంగళూరుకు చెందిన కిక్‌స్టార్ట్ జట్టు 2023లో భారత మహిళల లీగ్ ఫైనల్‌కు చేరింది. ‘ఆడపిల్లకు ఫుట్‌బాల్ ఏంటి’ అనే బంధువుకు ఈ రెండు మాటలు చెప్పొచ్చు.

పరీక్ష రోజు

అరగంట ముందు చేరాలి. నీళ్ల సీసా, తువ్వాలు, అదనపు మేజోళ్లు, కాగితాల కవరు. కోచ్‌కు పిల్లాడే తన పేరు, ఆడే స్థానం చెప్పుకోవాలి. అందుకు ఇంట్లో రెండుసార్లు కన్నడంలో, ఇంగ్లిష్‌లో అనిపించి చూడాలి. ‘సర్, నేను రైట్ బ్యాక్ ఆడతాను, మిడ్‌ఫీల్డ్ కూడా ఆడగలను’ అన్నా చాలు.

ఆ తర్వాత తల్లిదండ్రుల పని నోరు మూసుకోవడం. కంచె అవతల నుంచి ‘కొట్టరా, షూట్ చెయ్’ అని నాన్న అరిస్తే పిల్లాడు కోచ్ మాట వినాలో నాన్న మాట వినాలో తేల్చుకోలేడు. ఆ క్షణంలోనే బంతి పోతుంది. పిల్లాడు పక్కకు చూసిన ప్రతిసారీ కనిపించాల్సింది ఒక ప్రశాంతమైన ముఖం. అది ఇవ్వగలిగితే ఆ రోజు మీ పని మీరు చేసినట్టే.

డబ్బు విషయంలో జాగ్రత్త పడాలి. నమోదు రుసుము కొంత ఉండొచ్చు. ట్రయల్ ముగిసిన గంటలో ‘మీవాడు ఎంపికయ్యాడు, విదేశీ క్లబ్బుకు పంపిస్తాం, ఈ రోజే డిపాజిట్ కట్టండి’ అన్నవాళ్లకు రూపాయి ఇవ్వొద్దు. ఆ అకాడమీకి సమాఖ్య గుర్తింపు ఉందా, పోయిన ఏడాది దాని పిల్లలు ఏ లీగులో ఎన్ని మ్యాచ్‌లు ఆడారు అని అడగాలి. నిజమైన అకాడమీ దగ్గర దీనికి జవాబు వెంటనే దొరుకుతుంది.

పేరు రాకపోతే

జాబితాలో పేరు లేని పిల్లలే ఎప్పుడూ ఎక్కువ. మెట్రోలో తిరిగి వచ్చే ఆ ప్రయాణంలో తప్పుల చిట్టా విప్పొద్దు. పిల్లాడు మాట్లాడితే వినాలి, మాట్లాడకపోతే ఊరుకోవాలి. రెండు రోజుల తర్వాత కోచ్‌కు మర్యాదగా ఒక ప్రశ్న పంపాలి: వచ్చేసారికి ఏ ఒక్క విషయం మెరుగుపడాలి? చాలామంది కోచ్‌లు జవాబిస్తారు. ఆ జవాబు ఎడమకాలు గురించో, చుట్టూ చూడటం గురించో అయితే తర్వాతి మూడు నెలల పని చేతికొచ్చినట్టే. ‘శరీరం ఇంకా ఎదగాలి’ అంటే ఓపిక పట్టడమే పని.

క్లబ్బుల్లో, అకాడమీల్లో, వసతి నిలయాల్లో ఏటా కొత్త ఎంపికలు జరుగుతూనే ఉంటాయి. కాదన్న అకాడమీ కూడా మరుసటి ఏడాది అదే పిల్లాణ్ణి మళ్లీ చూస్తుంది. అందుకే పీణ్య తల్లిదండ్రులకు ఒక్క విన్నపం: ట్రయల్స్ నుంచి తిరిగొచ్చిన సాయంత్రం బూట్లు కడిగి ఆరబెట్టండి, బంతిని అటక ఎక్కించకండి, పిల్లాడి చేతికి అందేలా గుమ్మం పక్కనే ఉంచండి.